పదమూడో నంబరు మీద నా దండయాత్ర

నిజం చెప్పండి: కారు కొన్నప్పుడు నంబరులోని అంకెలు కూడి, మొత్తం తొమ్మిది వచ్చిందో లేదో చూసుకున్నారా, లేదా? చూసుకున్నారు. తల అడ్డంగా ఊపకండి. మీలాంటి వాళ్ళను ఉద్ధరించడానికే పుట్టాననుకున్న నేను, న్యూజెర్సీలో ఒక బేస్‌బాల్ మైదానం నడిబొడ్డున, ఊరంతా చూస్తుండగా ఎలా బోర్లాపడ్డానో చెబుతాను. హాయిగా నవ్వుకోండి. కానీ చివర్లో మీకో పని అప్పగిస్తాను. ఊరికే నవ్వి వెళ్ళిపోతామంటే కుదరదు.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కాపురం ప్లెయిన్స్‌బరోలో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, ఊపిరి హేతువాదంలో. బెజవాడలో చదువుకునే రోజుల్లోనే వాస్తు పండితుల్ని సభల్లో నిలదీసిన వాణ్ణి. ఎదుటివాడు నోరు మూసుకున్నాడంటే మనం గెలిచినట్టే అన్నది అక్కడ నేర్చుకున్న సూత్రం. నా కొంప ముంచింది ఆ సూత్రమే. అమెరికా వచ్చాక వాదనకు మనిషి దొరక్క, పిలిచిన ప్రతి గృహప్రవేశానికీ వెళ్ళి, పాలు పొంగే లోపల నేను పొంగేవాణ్ణి. ఏడాది తిరక్కుండా భోజనాలకు పిలుపులు ఆగిపోయాయి.

మిగిలిన శ్రోత ఒక్కడే, నా రూమ్మేట్ యాదగిరి. వరంగల్ వాడు. అద్దెలో సగం వాడిది కాబట్టి పారిపోలేడు.

ఒక శనివారం ఆఫీసు వాళ్ళు మమ్మల్ని పక్క ఊరి బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్ళారు. టీవీలో కనిపించే పెద్ద టీమ్ కాదు. ఊరి వాళ్ళు ఊరి కోసం నడుపుకునే చిన్న టీమ్. ఆటగాళ్ళు ఎవరి సంచి వాళ్ళే మోసుకుంటారు. యాదగిరి ఆట చూస్తున్నాడు. నేను వీపుల మీది నంబర్లు చూస్తున్నాను.

"గమనించావా? పన్నెండున్నాడు, పధ్నాలుగున్నాడు. పదమూడేడీ?"

"బాత్రూంకు పోయిండేమో అన్నా."

వేసవంతా ఆటలు చూశాను. పదమూడు రాలేదు. ఏ మనిషీ బాత్రూంలో వేసవంతా ఉండడు.

"యాదగిరీ, ఇది భయం! హోటళ్ళలో పదమూడో అంతస్తు లేదు, ఇక్కడ పదమూడో ఆటగాడు లేడు. చంద్రుడి మీద కాలుపెట్టిన దేశం అంకెకు వణుకుతోంది!"

"ఎందుకైనా మంచిది, ఎవర్నన్న ఒక్క మాట అడుగుదమా?"

"కళ్ళెదుట కనబడుతుంటే అడగడం దేనికి?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడట వెనకటికొకడు. వాడు కనీసం కుందేలును పట్టాడు.

మా వెనక వరసలో లెస్టర్ అని ఒక పెద్దాయన కూర్చునేవాడు. కాస్త కుంటుతూ వచ్చి, వేరుసెనగకాయలు ఒలుచుకుంటూ ఆట చూసేవాడు. నాకు కొత్త శ్రోత! ఆట ఆటకూ ఆయనకు పదమూడు గురించి ఉపన్యాసమే. ఆయన కాయలు ఒలుస్తూ వినేవాడు.

"అంటే, పదమూడంటే ఎవరూ భయపడకూడదంటావు?"

"ససేమిరా!"

"మంచి మాట," అని నాకు నాలుగు కాయలు పెట్టాడు. ఇంకేదో చెప్పబోయాడు. నేను రెండో అధ్యాయంలోకి వెళ్ళిపోయాను.

మరుసటి వసంతంలో, ఆటలు మొదలవబోయే ముందు, టీమ్ వాళ్ళు అభిమానులను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి సలహాలు అడిగారు. మేనేజర్ కొత్తవాడు, అంతకు ముందు వారమే వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు. మైకు నా చేతికొచ్చింది. మీరు ఊహించగలరు.

"పదమూడో చొక్కాను పెట్టెలోంచి తీయండి! పిరికితనాన్ని పాతిపెట్టండి!" అని గర్జించాను. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఒక ముసలమ్మ మాత్రం, "కూర్చో నాయనా," అంది. నా సూత్రం ప్రకారం నేను గెలిచాను.

మేనేజర్ కళ్ళు మెరిశాయి. "అద్భుతం! పదమూడో తారీకు శుక్రవారం నాడు పెద్ద వేడుక చేద్దాం. నల్లపిల్లులు, పగిలిన అద్దాలు, అపశకునాలన్నీ పెడదాం! టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి ఆ రోజు నుంచి పదమూడు ఇచ్చేద్దాం. మొదటి బంతి నువ్వే వెయ్యి, అదే నంబరు చొక్కాతో!"

ఆటకు ముందు ఒక అతిథి చేత లాంఛనంగా బంతి వేయించడం ఇక్కడి ఆనవాయితీ. యాదగిరి నా చెవిలో, "అన్నా, ఎవ్వరూ చప్పట్లు కొట్టలే. నాకేదో తేడా కొడుతుంది," అన్నాడు.

"సత్యానికి మొదట్లో చప్పట్లుండవు."

ఆ శుక్రవారం వచ్చింది. పదమూడు వేసుకుని మైదానంలోకి నడిచాను. ముందు గుసగుస. తర్వాత "బూ..." అని మొదలై స్టేడియం మొత్తం గేదెల మందలా మోగింది. నేను ఛాతీ ఇంకా విరిచాను. సంస్కర్తలకు ఇవి మామూలే కదా!

అంతలో కేకలు ఆగాయి. స్టాండ్‌లోంచి లెస్టర్ కుంటుకుంటూ దిగి వచ్చి, నా బంతి పట్టాల్సిన కుర్రాడి చేతి తొడుగు అడిగి తీసుకుని, ముక్కుతూ మూలుగుతూ గొంతుక్కూర్చున్నాడు. జనమంతా లేచి నిలబడి హోరెత్తించారు. నాకే అనుకున్నాను. నాలుగు దిక్కులకూ తిరిగి నమస్కారాలు పెట్టాను! తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది.

బంతి వేశాను. అది సగం దారిలో నేలకు తగిలి, అలసిన తాబేలులా దొర్లి ఆగింది. లెస్టర్ లేచి, దాన్ని ఏరుకుని, నా దగ్గరకొచ్చాడు.

"బాబూ, ఆ చొక్కా నాది."

"మీదా?"

"నేను ఈ టీమ్‌లో చేరినప్పుడు పదమూడు ఎవరూ ముట్టలేదు. కాళ్ళు విరుగుతాయన్నారు. అందుకే నేను తీసుకున్నాను."

"విరిగాయా?"

"రెండుసార్లు. కానీ పదమూడు వల్ల కాదు, నా పరుగు వల్ల. నేను మానేశాక కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దాన్ని వదిలేశారు, నా మీద అభిమానంతో. బాగా ఆడినవాడి నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా గోడ మీద పెట్టడం ఇక్కడి పద్ధతి. మాకు ఏ మేనేజరూ నిలవడు. వచ్చినవాడల్లా వచ్చే ఏడు పెడతామంటాడు. ఈ సీజన్ అవగానే నేను అరిజోనాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా."

మూఢనమ్మకాన్ని కాళ్ళు విరగ్గొట్టుకుని మరీ ఓడించిన అసలు హేతువాది ఎదుటే ఉన్నాడు. విచారించకుండా నమ్మిన మూఢుడు ఆయన చొక్కాలో ఉన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు ఊపిరి తీసుకుంటే కదా!"

మైకు కోసం పరుగెత్తాను. యాదగిరి స్టాండ్‌లోంచి, "వద్దన్నా! మళ్ళ మైకు వద్దు!" అని మొత్తుకుంటున్నాడు.

"అయ్యా, అమ్మా," అన్నాను. "నేను పొరబడ్డాను. మీది భయం కాదు, గౌరవం. కానీ గోడకెక్కని గౌరవం ఎన్నాళ్ళుంటుంది? సంగతి తెలియని మూర్ఖుడెవడైనా వచ్చి తొడుక్కుపోతాడు. రుజువు కావాలా? ఇదిగో!" అని వీపు తిప్పి చూపించాను. "ఈ పెద్దాయన వెళ్ళిపోయేలోపు ఆ నంబరు గోడ మీద ఉండాలి!"

నిశ్శబ్దం. ఈసారి నేను గెలిచాననుకోలేదు, బుద్ధొచ్చింది. తర్వాత, ఆనాడు నన్ను కూర్చోమన్న ఆ ముసలమ్మే, "పదమూడు!" అని అరిచింది. స్టేడియమంతా అందుకుంది. కొత్త కుర్రాడు తన చొక్కా విప్పి, మడిచి లెస్టర్ చేతిలో పెట్టాడు. మేనేజర్‌కు ఊరు ఎటుందో తెలిసిపోయింది. అక్కడికక్కడే మాటిచ్చాడు.

ఆఖరి ఆట రోజు గోడ మీద ముసుగు తీశారు. పెద్ద పదమూడు ఎండలో మెరిసింది. లెస్టర్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. యాదగిరి నన్ను మోచేత్తో పొడిచాడు.

"అన్నా, నీ చేతులు సూసుకో."

చూసుకున్నాను. బుద్ధి తెలిసిన నాటి నుంచి దేనికీ దండం పెట్టనని భీష్మించిన నేను, గోడ మీది అంకెకు రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాను! అదీ పదమూడుకు!

కాబట్టి ఇందుమూలంగా, యాదగిరి సాక్షిగా, వేరుసెనగకాయల మీద ఒట్టు: విచారించనిదే ఉద్యమించను, పక్కవాడు నోరు తెరిస్తే నేను మూస్తాను, బంతి మాత్రం జన్మలో విసరను.

ఇక మీ పని. మన వాళ్ళకు మనిషి ఫోటోగా మారితే తప్ప దండ వేసే అలవాటు లేదు. మీ బళ్ళోనో, ఆఫీసులోనో, వీధిలోనో వచ్చే ఏడు సన్మానిద్దామని వాయిదా వేసిన లెస్టర్ ఒకరు తప్పకుండా ఉంటారు. కారు నంబరు కూడుకోవడం ఆపి లేవండి. ఇవాళే ఆ గుమ్మం ఎక్కండి, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినండి, తర్వాత ఆ పేరు గోడకెక్కించండి.