చంద్రమ్మ ఏడ్చిన బొమ్మ

మొగుడు వీరేశం పోయిన రోజున చంద్రమ్మ కంట చుక్క నీరు రాలేదు. బోరబండ పక్క గుట్టల్లో రాళ్లు కొట్టుకుని బతికే ఆ వాడలో మనిషి చావడం కొత్త కాదు. పెళ్లాం ఏడవకపోవడం మాత్రం కొత్త. అందుకే వీరేశం ఎలా పోయాడన్నది నెల తిరక్కుండానే జనం మరిచిపోయారు గానీ, చంద్రమ్మ ఏడవలేదన్నది ఒక్కరూ మరిచిపోలేదు. మనుషులకు ఏది గుర్తుంటుందో చూడండి!

అది పందొమ్మిది వందల డెబ్బై రెండు, కరువు సంవత్సరం. క్వారీలో ముందురోజు రాతిలో పేలకుండా మిగిలిపోయిన మందు తూటా ఒకటి వీరేశం సమ్మెట దెబ్బకు పేలింది. సాయంత్రానికి మంచం మీద వేసి, పైన గోనెసంచులు కప్పి, నలుగురు మోసుకొచ్చారు. ముఖం చూడొద్దన్నారు. ఆ వేళకు చంద్రమ్మ గుడిసె ముందు కూర్చుని చింతపండు పిసుకుతోంది. అత్త పోచమ్మ గుండెలు బాదుకుంటూ కొడుకు మీద పడింది. చంద్రమ్మ లేవలేదు. మంచం కేసి చూస్తూ గిన్నెలో చేయి పెట్టి పిసుకుతూనే ఉంది. పక్క గుడిసె భాగ్యమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాగేదాకా పిసుకుతూనే ఉంది.

ఆ వాడ ఆడవాళ్లకు చావు దగ్గర ఒక పద్ధతి ఉంది. పీనుగు పక్కన కూర్చుని, రాగం తీసి, పోయినవాడితో మాట్లాడుతూ ఏడవాలి. కాపురంలో ఉన్నవన్నీ అప్పుడే బయటికొస్తాయి, తిట్టుకున్నవీ, కలిసి తిన్నవీ, నలుగురిలో చెప్పుకోలేనివీ. మామూలుగా చెబితే సాకులా వినిపించే మాట, ఆ రాగంలో చెబితే అందరూ నిజంగానే వింటారు. ఆ పూట దాటిపోయిందా, ఇక చెప్పుకోవడానికి చోటు లేదు.

"మొగని పీనుగు వాకిట్ల ఉంటె పచ్చిపులుసు కలుపుకుంటది. దీనిది గుండెనా, బండనా?" అంది పోచమ్మ, వచ్చినవాళ్లందరూ వినేటట్టు. ఆ గిన్నె ఎత్తి పారబోసింది. అంతే, ఆ తర్వాత కోడలితో మాట మానేసింది. మొగుడు పోయిన ఆడవాళ్లు ఇద్దరు, గుడిసె ఒకటి, పొయ్యి ఒకటి. ఏమన్నా చెప్పాల్సి వస్తే పోచమ్మ కోడిపెట్టకు చెప్పేది. "ఓ కోడీ, ఉప్పు అయిపోయింది" అనేది. నవ్వు రావాల్సిన మాటే, కానీ ఆ గుడిసెలో ఎవరు నవ్వుతారు?

అసలు సంగతి చంద్రమ్మ ఒక్కదానికే తెలుసు. ఆ పొద్దున వీరేశం పనికి బయలుదేరి, సందు చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఏమే, మాపటికి పచ్చిపులుసు జెయ్యి. అమ్మకు నోరు సప్పగున్నదట. మిరపకాయలు జర మంచిగ కాల్చెయ్యి" అన్నాడు. అదే అతని చివరి మాట. పోచమ్మ కోసమని కొడుకు అడిగి చేయించిన పులుసు అది. మంచం వచ్చి వాకిట్లో దిగినప్పుడు చంద్రమ్మకు ఒకటే తోచింది. చేయి ఆపితే మంచం మీదున్నది వీరేశమే అవుతాడు. ఆపకపోతే అతను కాసేపట్లో వస్తాడు, అమ్మకు పులుసు పోశావా అని అడుగుతాడు.

ఒకసారి చెప్పబోయింది. "అత్తా, ఆ దినం పులుసు ఆయననే నీకు..." అని నోరు తెరిచేసరికి పోచమ్మ రెండు చెవులూ మూసుకుంది. "చూడే కోడీ, సచ్చినోని మీదికి తోస్తుంది!" అని అరిచింది. చంద్రమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇట్లా ఉండగా ఆ వాడకు భీమేశ్వరరావు అనే ఆయన జీపులో వచ్చాడు. కోస్తా వైపు మనిషి, పట్నంలో మంచి ఉద్యోగం, దానికి తోడు సినిమాల పిచ్చి. రాళ్ల పనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి దుఃఖం మీద చిన్న బొమ్మ తీస్తానన్నాడు. వెంట ఒక కెమెరా అతను, టేపు మిషను మోసే ఇంకొకతను. వాడలో వాళ్లంతా చంద్రమ్మ గుడిసె చూపించారు. కొందరు ముసిముసిగా నవ్వుకుంటూనే చూపించారు.

పోచమ్మ అప్పుడు ఊళ్లో లేదు, కూతురి దగ్గరికి పటాన్‌చెరు పోయింది. జనం అరుపులు టేపులో పడతాయని భీమేశ్వరరావు వాడంతటినీ గుట్ట అవతలికి పంపేశాడు. "నువ్వు భయపడకమ్మా. కబురు తెలిసినప్పుడు ఏం చేస్తున్నావో అదే చెయ్యి, చాలండి... చాలమ్మా" అన్నాడు, పాపం మర్యాదస్తుడు.

చంద్రమ్మ చింతపండు తెచ్చుకుని కూర్చుంది. నీళ్లలో చేయి పెట్టింది. ఒకసారి పిసికింది, రెండోసారి పిసికింది. అంతే! అన్నాళ్లూ ఎక్కడ ఆగిందో ఆ ఏడుపు, కట్ట తెగినట్టు వచ్చింది. నేల మీద పడి దొర్లింది. రాగం దానంతటదే పుట్టింది. "సందు దాక పోయి తిరిగి వస్తివి గదా నా రాజా! అమ్మకు నోరు సప్పగున్నదంటివి గదా! మిరపకాయలు కాల్చుమంటివి గదా! అమ్మకని చేసిన పులుసు అమ్మ పారబోసె గదా నా దేవుడా!" అని ఆ పొద్దుటి మాట ఒక్కటి కూడా వదలకుండా చెప్పి చెప్పి ఏడ్చింది. టేపు మిషను అతను కళ్లు తుడుచుకున్నాడు. మిషను మీద చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

లేచి ముఖం కడుక్కున్నాక ఆమె అడిగింది ఒక్కటే. "అయ్యా, నేను అన్న మాటలు గా మిషన్ల పడ్డయా?"

"అన్నీ పడ్డాయమ్మా."

"గవ్వి మా వాడల ఏస్తరా? మా అత్త ఉన్నప్పుడు ఏయాలె."

వేస్తానని మాటిచ్చాడాయన.

ఇక చూడండి ఆ మనిషి సంబరం! దుఃఖంలో ఉన్న మనిషికి సంబరమేమిటంటారా? తన తరఫున మాట్లాడేవాళ్లు లోకంలో ఒకరున్నారని తెలిస్తే మీకైనా అంతే. గుట్ట మలుపులో జీపు చప్పుడు వినబడితే చాలు, తట్ట దించి చూసేది. అత్త కోడితో మాట్లాడినా ఇప్పుడు నొప్పి లేదు. రానీ, ఆ బొమ్మ రానీ, అత్తే వింటుంది అనుకునేది. ఏడాది దగ్గర దగ్గర అట్లా ఎదురుచూసింది.

వచ్చింది బొమ్మ. రెండు గుంజల మధ్య తెల్లటి దుప్పటి కట్టారు. భీమేశ్వరరావుతో రత్నమాల అని పట్నం సినిమా సంఘంలో పెద్దావిడ కూడా వచ్చింది, చలువ చీర, కళ్లజోడు. పోచమ్మ రానంది. కొడుకు పని చేసిన క్వారీ కనబడుతుందని భాగ్యమ్మ బతిమాలి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. చంద్రమ్మ అత్తకు కాస్త వెనగ్గా, ఆమె ముఖం కనబడేటట్టు కూర్చుంది.

దుప్పటి మీద గుట్టలు కనబడగానే కేకలు. "అగో మా మేక!" అన్నారొకరు. "భాగ్యమ్మ గుడిసె! నీ చీర ఆరేసి ఉన్నదే!" అన్నారింకొకరు. పిల్లలు లేచి దుప్పటి మీద చేతుల నీడలు వేశారు. చావు బొమ్మ అని ఎవరికీ గుర్తు లేదు. ఉన్నట్టుండి చంద్రమ్మ ముఖం గుడిసెంత పెద్దదై దుప్పటి నిండా వచ్చింది. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు.

చంద్రమ్మ అత్త ముఖం కేసి చూసింది. ఇదిగో, ఇప్పుడే.

సితార్ మోగింది. ఎవరో మగాయన బరువైన గొంతుతో ఇంగ్లీషులో ఏదో చెబుతున్నాడు. దుప్పటి మీద చంద్రమ్మ నోరు తెరుస్తోంది, మూస్తోంది, దొర్లుతోంది. ఒక్క మాట వినబడదు. సితార్, ఆ ఇంగ్లీషాయన, మళ్లీ సితార్. "ఏమంటున్నదే?" అని ఒకామె అడిగితే, "పాట పాడుతున్నట్టున్నది" అని ఇంకొకామె అంది. ఫక్కున నవ్వారు. పోచమ్మ మాత్రం నవ్వలేదు. రెప్ప వేయకుండా ఆ కదిలే నోటినే చూస్తోంది. ఆమె చూపులో ఏముందో వెలుగు చాలక చంద్రమ్మకు తెలియలేదు.

బొమ్మ అయిపోయింది. రత్నమాల లేచి నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పింది. "పట్నంలో దీన్ని చూసి ఏడవనివాళ్లు లేరండి. ఏ నాటక సమాజం అమ్మాయి అని అందరూ నన్నే అడిగారు. అంత బాగా నటించింది మీ చంద్రమ్మ!"

నటించింది. ఆ ఒక్క మాట చాలింది వాడకు. "అద్గదీ! మొగడు సచ్చిన్నాడు రాని కన్నీళ్లు ఫోటో పెట్టె ముంగట కారినయి" అన్నారు. ముక్కున వేలేసుకున్నవాళ్లు కొందరు, మెచ్చుకున్నవాళ్లు కొందరు. ఆ మెచ్చుకోలు ఇంకా ఘోరం.

చంద్రమ్మ జనాన్ని తోసుకుని భీమేశ్వరరావు దగ్గరికి పోయింది. "అయ్యా, నా మాటలేవి?"

"మాటలెందుకమ్మా? నీ ముఖమే అన్నీ చెబుతోంది. మాటలుంటే అడ్డమనిపించి తీసేశాం."

"టేపుల ఉన్నయి గద. గవ్వి ఇప్పుడు ఇనిపియ్యుండ్రి. మా అత్త ఈడనే ఉన్నది."

ఆయన తల దించుకున్నాడు. "ఆ టేపు మీద వేరేది రికార్డు చేసేశామమ్మా. టేపులు దొరకడం కష్టం." చెడ్డవాడు కాడాయన. చెడ్డవాడైతే తిట్టుకునైనా కడుపు చల్లబరుచుకునేది.

అప్పుడు చంద్రమ్మ చేయకూడని పని చేసింది. ఇంకేం చేస్తుంది, మీరే చెప్పండి! జనరేటరు దీపం వెలుగులో పోచమ్మ ముందుకు వచ్చి, మోకాళ్ల మీద కూలబడి, రాగం తీసింది. "సందు దాక పోయి తిరిగి వస్తివి గదా నా రాజా! అమ్మకు నోరు..."

"చూశారా భీమేశ్వరరావు గారూ, ఇప్పుడు కూడా ఎంత సహజంగా చేస్తోందో!" అని రత్నమాల మురిసిపోయి చప్పట్లు కొట్టింది. పట్నం దొరసాని కొట్టింది కదా అని పిల్లలు కొట్టారు. పిల్లల్ని చూసి పెద్దవాళ్లు కొట్టారు. వాడంతా చప్పట్లు. అందులో చంద్రమ్మ రాగం ఆమెకే వినబడలేదు. పోచమ్మ లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, గుడిసెలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర పోచమ్మ మాట్లాడింది. కోడితో కాదు, కోడలితోనే.

"నేను పోయిన్నాడు నా మీద ఏడ్వకు. ఒట్టెయ్యి."

"అత్తా..."

"నా పీనుగు కాడ తమాషా వద్దు. ఒట్టెయ్యి."

చంద్రమ్మ అత్త చేతిలో చేయి వేసింది. అన్నాళ్లలో అత్త ఆమెను ముట్టుకున్నది అదొక్కసారే.

ఆ పైన వాడలో ఎవరు చచ్చినా "చంద్రమ్మను పిలువుండ్రి, మంచిగ ఏడుస్తది" అనే వేళాకోళం మిగిలింది. రెండు ఎండాకాలాలు గడిచాక పోచమ్మ మంచాన పడింది. చంద్రమ్మే దవాఖానకు మోసుకుపోయింది, చంద్రమ్మే నోట్లో నీళ్లు పోసింది. పచ్చిపులుసు చేసి ఇవ్వనా అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఒక మధ్యాహ్నం పోచమ్మ కళ్లు మూసింది.

ఆడవాళ్లందరూ వచ్చి శవం చుట్టూ కూర్చున్నారు. తలవైపు కోడలికి చోటు వదిలారు. వదిలి, అందరూ ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు, బొమ్మ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసినట్టు. చంద్రమ్మ అత్తకు స్నానం చేయించింది. తల దువ్వింది. గొంతులో రాగం కదిలి పైకి వస్తుంటే పళ్లు బిగించి మింగింది. ఇప్పుడు ఏడిస్తే అత్త నమ్మినట్టే తమాషా అవుతుంది, ఏడవకపోతే బండరాయి అవుతుంది. ఒట్టు ఒట్టే. పంటి కింద పెదవి తెగి నెత్తురు వచ్చింది గానీ కన్ను తడవలేదు.

"అత్తకు గూడ ఏడుస్తలేదు, చూసిండ్రా?" అంది ఒకామె.

"ఫోటో పెట్టె తేకపోతిరి" అంది భాగ్యమ్మ.

చంద్రమ్మ విన్నది. కొంగుతో పెదవి తుడుచుకుని, అత్త తల తన ఒళ్లోకి తీసుకుని, చిక్కు విడిపోయిన ఆ జుట్టునే మళ్లీ దువ్వుతూ కూర్చుంది.