సాజిదా సాన పట్టలేదు

మస్కట్‌లో ఐస్ హాకీ ఆడే హాలు ఒకటుంది. రాయచోటి సాజిదా అక్కడ స్కేటు బూట్ల బ్లేడ్లకు సాన పట్టేది. సాన చక్రం ఆమెకు కొత్త కాదు. వాళ్ల నాయన ఊరూరా తిరిగి కత్తులకు, కత్తెరలకు పదును పెట్టినవాడు. ఇళ్లలో పనికని ఒమాన్ వచ్చి, ఆ విద్యతోనే హాల్లో ఉద్యోగం సంపాదించుకుంది.

2014లో అక్కడ పద్దెనిమిదేళ్లలోపు కుర్రాళ్ల అంతర్జాతీయ టోర్నీ జరిగింది. రెండు గ్రూపులు. పై గ్రూపులో ఆఖరున నిలిచిన జట్టు కింది గ్రూపుకు దిగిపోవాలి. అలా దిగిపోయింది ఫెలిక్స్ అనే విదేశీ కోచ్ జట్టు.

"పనిమనిషి చేత సాన పట్టిస్తే కాళ్లు జారక ఏమవుతాయి?" అని అతను అందరి ముందూ అరిచాడు. అదే పొద్దున, వాళ్లను ఓడించిన జట్టు బ్లేడ్లకూ ఆమే సాన పట్టింది. ఆమె ఆ సంగతి చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు. మేనేజరు గంగాధరం ఆమెను బాత్రూములు కడిగే డ్యూటీకి మార్చేశాడు.

రెండేళ్లు గడిచాయి. బకెట్ మోసుకుంటూ సాన గది దాటిన ప్రతిసారీ ఆమె ఆ అరుపును తలుచుకునేది. మరిచిపోతానేమోనని భయం.

2016లో టోర్నీ మళ్లీ మస్కట్‌కు వచ్చింది, ఆ జట్టూ వచ్చింది. ఆఖరి ఆట గెలిస్తే పై గ్రూపుకు ఎక్కుతుంది. ఆ ఉదయం సాన గదిలోని కొత్త ఆపరేటరు వాళ్ల బ్లేడ్లన్నీ చక్రం మీద మరీ వేడెక్కించి, పదును పోయేలా మాడ్చేశాడు. ఆటకింక రెండు గంటలే. గంగాధరం ఫెలిక్స్‌ను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు.

"సాజిదమ్మా, నువ్వే గట్టెక్కించాలి."

"ఆ పొద్దు తప్పు నాది కాదని ఆయప్పను పిల్లోళ్ల ముందర చెప్పమను సార్."

గంగాధరం ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఫెలిక్స్ ముఖం కందిపోయింది. అయినా కుర్రాళ్లను పిలిచి, అప్పటి ఓటమికి బ్లేడ్లు కారణం కాదని, తానే అబద్ధమాడానని ఒప్పుకున్నాడు.

సాజిదా చివరిదాకా విని చీపురు అందుకుంది.

"అదేంటమ్మా! చెప్పాడుగా?"

"చెప్పినాడు. నేను సాన పడతానని యాడ చెప్పినా? నా డ్యూటీ ఇది సార్."

ఆట మొత్తం మెట్ల మీద నిలబడి చూసింది. ఫెలిక్స్ జట్టులో మలుపు తిరగబోయిన ప్రతివాడూ జారాడు. ఒకటికి ఆరు గోల్స్‌తో ఓడిపోయారు. కెప్టెన్ కుర్రాడు మంచు మీదే కూలబడి ఏడ్చాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"పిల్లోళ్లేం చేసినారక్కా?" అంది, హాల్లోనే పనిచేసే రూమ్మేట్ మహమూదా.

"ఏం చేయలే. నేనేం చేసినా, ఆ పొద్దు?"

ఆ వేసవిలో కంపెనీ ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. బురైమి అనే ఊళ్లో ఒక దర్జీ షాపులో కుదిరింది. మరుసటి ఏడు టోర్నీ రోజుల్లో మహమూదాకు ఫోన్ చేసింది. క్షేమ సమాచారాలకన్నా ముందు, ఫెలిక్స్ జట్టు ఇంకా కింది గ్రూపులోనే ఉందా అని అడిగింది.