వంటింటి గోడకు మొదటి మేకు

అమీన్‌పూర్‌లో ఇల్లు పూర్తయి, పాలు పొంగించి నాలుగు నెలలైనా మా వంటింటి గోడలు బోసిగానే ఉన్నాయి. గట్టు మీద రెండడుగుల దాకా టైల్స్, ఆపైన తెల్ల రంగు. ఒక క్యాలెండర్ లేదు, ఒక గడియారం లేదు. ఆసుపత్రి గది కూడా ఇంతకన్నా కళగా ఉంటుందని సణుక్కునేవాణ్ని. పటాన్‌చెరు దగ్గర ఒక కార్ఖానాలో ముప్ఫై ఏళ్లుగా టూల్ రూమ్ చూసుకుంటున్నాను. ఖాళీ గోడ కనబడితే నాకు చెయ్యి ఊరుకోదు.

దాన్ని ఖాళీగా ఉంచింది మా ఆవిడ. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆరు కిరాయి ఇళ్లు మారాం. ప్రతి ఇంటి ఓనరూ తాళంచెవి ఇస్తూ చెప్పిన మొదటి మాట ఒకటే, గోడకు మేకు కొట్టొద్దని. అందుకని ఆమె క్యాలెండర్‌ను కిటికీ ఊచకు కట్టింది, జల్లెడను తలుపు గొళ్లానికి తగిలించింది, దేవుడి పటాన్ని చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టింది. "మన ఇంట్ల మొదటి మేకు నేనే కొడుత, సూడు," అని ప్రతి ఇంట్లోనూ అనేది. నేను ప్రతిసారీ విన్నాను. విన్నానంతే, మనసులో పెట్టుకోలేదు.

తీరా సొంత గోడ వచ్చాక ఆమెకు తొందర లేకుండా పోయింది. తొందరంతా మాకే. టైల్స్ మేస్త్రి పండ్ల బుట్ట బొమ్మలున్న టైల్స్ తెస్తానన్నాడు. రుద్రారంలో చదివే మా అమ్మాయి బస్సు దిగి ఇంట్లో అడుగు పెట్టగానే ఫోన్‌లో స్టిక్కర్లు చూపించేది. పచ్చని ఆకులు, పొగలు కక్కే కాఫీ కప్పులు.

"మనింట్ల కాఫీ ఎవరు తాగుతరే?" అని నవ్వేది వాళ్లమ్మ. ఇంకా ఒత్తిడి చేస్తే, "ఉండనియ్యిండ్రి. జెర సూసుకోనియ్యిండ్రి," అనేది. చాయ్ గ్లాసు పట్టుకుని ఆ తెల్ల గోడకేసి చూస్తూ కూర్చునేది. అందులో చూడ్డానికి ఏముందో నాకు అంతుపట్టేది కాదు.

ఇక నేనే పూనుకున్నాను. మా టూల్ రూమ్‌లో ఒక బోర్డు ఉంటుంది. షాడో బోర్డు అంటాం. ప్రతి పానా, ప్రతి సుత్తె ఆకారాన్ని ఎర్ర రంగుతో దాని మీద వేసి, ఆ బొమ్మ మీదే ఆ వస్తువును తగిలిస్తాం. ఎవరైనా తీసుకెళ్లి తిరిగి పెట్టకపోతే ఎర్ర మచ్చ దూరం నుంచే పట్టిస్తుంది. తనిఖీకి వచ్చిన పెద్ద సార్లంతా మెచ్చుకున్న బోర్డు అది. వంటింటికి అంతకన్నా అందం ఇంకేముంటుంది అనుకున్నాను, నిజంగానే.

ఆమె బోనాలకని జిన్నారం దగ్గర పుట్టింటికి రెండు రోజులు వెళ్లినప్పుడు పని మొదలుపెట్టాను. ప్లైవుడ్ ముక్క మీద గంటెలు, పప్పుగుత్తి, పట్కారు, చిల్లుల గంటె ఒక్కొక్కటే పరిచి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఎర్ర రంగు నింపాను. పొయ్యికి కుడి పక్కన, చెయ్యి చాపితే అందే ఎత్తు కొలిచి, నాలుగు రంధ్రాలు వేసి బిగించాను. రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాను.

ఆమె వచ్చింది. సంచీ కింద పెట్టకుండానే బోర్డును చూసింది, తర్వాత దాని మూలల్లో ఉన్న స్క్రూలను చూసింది.

"మొదటి మేకు నువ్వే కొట్టినవా?" అంది.

"మేకు కాదే, స్క్రూ," అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి. ఆమె సంచీ దించింది. చేతులు కడుక్కుని బియ్యం కడిగింది.

వారం గడిచేసరికి గంటెలన్నీ పొయ్యికి ఎడమ పక్కన ఒక స్టీలు చెంబులో చేరాయి. బోర్డు నిండా ఎర్ర మచ్చలే. నాకు మండింది.

"గింత కష్టపడి చేసిన. ఒక్కటన్న జాగల పెట్టరాదా?"

"నాకు అందుతలేదు."

"అందకపోవుడేంది? కొలిచి పెట్టిన!"

"నీ కొలత నీది," అని ఆమె అవతలికి వెళ్లిపోయింది.

కోపంగా గంటెలన్నీ తీసి మళ్లీ నేనే తగిలించాను. అన్నీ సరిగ్గా కూర్చున్నాయి, ఒక్క ఇత్తడి గంటె తప్ప. పుట్టింటి నుంచి తెచ్చుకున్న గంటె అది. ఒక పక్క అంచు దగ్గర గోరంత మేర ఎర్ర రంగు బయటికి కనిపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. గీసేటప్పుడు ఆ పక్క గీత వంకరగా వస్తే, చూడ్డానికి బాగోలేదని నేనే గుండ్రంగా సరిదిద్దాను. టూల్ రూమ్ వాడు చెయ్యకూడని పని అది. వస్తువు అరిగిన తీరు చూసి అది ఎటు తిరిగిందో, ఎవరి చేతిలో పనిచేసిందో చెప్పడమే నా ఉద్యోగం. కుడిచేత్తో కలిపేవాళ్ల గంటె ఒక పక్క అరుగుతుంది. ఇది రెండో పక్క అరిగి ఉంది.

మర్నాడు పొద్దున అడుగుల చప్పుడు కాకుండా వెళ్లి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె పప్పు కలుపుతోంది, ఎడమచేత్తో. ఎంత చురుగ్గా తిరుగుతోందో ఆ చెయ్యి. నాకు దగ్గు ఆగలేదు. ఆమె వెనక్కి తిరిగేలోపు గంటె కుడిచేతిలోకి మారిపోయింది. ఆ మారడంలో తడబాటే లేదు.

"ఎడమచేత్తోని వండుతవా?" అన్నాను.

తప్పు చేస్తూ దొరికినట్టు నిలబడిపోయింది. మంట తగ్గించి చెప్పింది.

"చిన్నప్పటి సంది గంతే. అప్పగింతలప్పుడు మా అవ్వ మాట తీసుకున్నది. అత్తగారింట్ల పుర్రచెయ్యి ఎత్తకు బిడ్డా, గా చేత్తోని పెడితే ఎవలకు ముద్ద దిగదు అన్నది. పెట్టుడు కుడిచేత్తోనే పెట్టిన. వండుడు మాత్రం నాతోని కాలే."

"ఇన్నేండ్లా?"

"నువ్వెప్పుడన్న మర్లి సూసినవా?"

చూడలేదు. వెంట్రుకవాసి తేడా పట్టుకునే కళ్లని కార్ఖానాలో నాకు పేరు. ఇంట్లో మాత్రం ఇరవై రెండేళ్లు కంచంలోకే చూశాను. సిగ్గేసింది. పొట్ట తడుముకుంటూ, "ముద్ద దిగకుండనే నాకు గింత పొట్టొచ్చిందా?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ప్రాణం కుదుటపడింది.

ఆదివారం బోర్డు విప్పేశాను. గోడకు నాలుగు రంధ్రాలు మిగిలాయి. పుట్టీ డబ్బా తీయబోతుంటే ఆమె వచ్చి ఆగమంది. ఒక మేకు, నా సుత్తె తీసుకుంది. సుత్తె ఎడమచేతిలో పట్టుకుని పొయ్యికి ఎడమ పక్కన నిలబడింది. మొదటి దెబ్బ తప్పి, పెచ్చు ఊడి గట్టు మీద పడింది. మేకు అలా కాదు ఇలా పట్టుకోవాలని చెప్పకుండా నోరు మూసుకోవడం నా జన్మలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. చివరికి మేకు దిగింది, కాస్త వంకరగా. దానికి ఇత్తడి గంటెను తగిలించి చాలాసేపు చూసింది.

"ఎర్ర రంగు ఇంకా ఉన్నదా?"

"ఉన్నది."

"గోడ మీదనే గియ్యి. అరిగిన కాడ అరిగినట్టే గియ్యి."

గీశాను. ఈసారి గీతను ఎక్కడా సరిదిద్దలేదు. మా వంటింటి గోడకు అసలు అలంకారం అదే. నా నాలుగు రంధ్రాల మీద మా అమ్మాయి ఆకుల స్టిక్కర్లు అతికించుకోవడానికి వాళ్లమ్మ ఒప్పుకుంది. కాఫీ కప్పులకు మాత్రం ఒప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కలిసి తినడానికి కూర్చున్నాం. ఆమె పుట్టింటి కబురేదో చెబుతూ లేచి, గోడ మీది గంటె తీసుకుని పప్పు ముంచింది. మాటల్లో పడి చెయ్యి మార్చుకోవడం మరిచిపోయింది. గంటె నా కంచం మీదికి వచ్చాక చూసుకుంది. మాట ఆగిపోయింది, చెయ్యీ ఆగిపోయింది.

నేను కంచం ముందుకు జరిపాను. "పప్పు పొయ్యి," అన్నాను.

పోసింది. నేను కలుపుకుని ముద్ద మింగేదాకా నా మొహమే చూస్తూ నిలబడింది. తర్వాత అదే చేత్తో ఇంకో గంటె పోసి, ఆగిన కబురు మళ్లీ అందుకుంది.