రోజాపువ్వు పెట్టిన ఆర్డరు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో మోసగాళ్లు చాలామంది ఉన్నారనీ, వాళ్లలో సగం మంది నా ఫోన్ నంబరు సంపాదించారనీ. బీకాం పూర్తి చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది అది. ఈ గుణం నాకు మా నాన్న నుంచి వచ్చింది. కోస్తా నుంచి వచ్చి బొంగులూరు దగ్గర వెంచర్లో ఇల్లు కట్టుకునేటప్పుడు, ప్లాటు అమ్మినవాడి నుంచి ఇసుక తోలినవాడి దాకా ఆయన అందర్నీ అనుమానించారు. చివరికి ఎవ్వరూ మోసం చెయ్యకపోయేసరికి కాస్త నిరాశపడ్డారు కూడా. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నేను ఎత్తి, అవతలివాళ్లు నోరు విప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేదాన్ని. (మన గొంతు రికార్డు చేసుకుంటారని ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాళ్లని మాత్రం ఎందుకు నమ్మానో ఇప్పటికీ తెలియదు.) అలాంటి నన్ను పిలిచి, ఒక దుకాణం వ్యాపారాన్ని ఫోన్లోకి ఎక్కించమన్నారు.

ఇబ్రహీంపట్నం మెయిన్‌రోడ్డు మీద బోరు మోటార్లు, పైపులు, స్టార్టర్ డబ్బాలు అమ్మే దుకాణం అది. యజమానిని చుట్టుపక్కల ఊళ్లన్నీ ‘మోటర్ల బాపు’ అనేవి. మొదటిరోజు నేను ‘సార్’ అంటే ఆయనకి కోపమొచ్చింది. “సారేంది? నేనేమన్న కరెంటాఫీసుల పనిచేస్తున్ననా? బాపు అను.” ఎదురుగా కొత్తగా తెరిచిన దుకాణంవాడు ఫోన్లోనే బేరాలు కుదుర్చుకుంటున్నాడని విని, ‘మనం గూడ చెయ్యాలె’ అనుకుని నన్ను పెట్టుకున్నారు. అనుమానంలో మాత్రం ఆయన మా నాన్నని మించినవారు. కొత్త నోటునీ పాత నోటునీ ఒకే తీరున వెలుతురుకు పట్టి చూసేవారు. నేను నాలుగు పేజీల నోటు రాసుకుపోయి, పైన ‘మొబైల్ వ్యాపార వ్యూహం’ అని రాసి, కింద ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ ఆయన ముందు పెట్టాను.

“గీ వ్యూహం ఏంది బిడ్డా? మనం యుద్ధానికి పోతున్నమా?” అన్నారు.

కాదండీ, మన సామాన్ల ఫొటోలు ఫోన్లో పెడతాం, రైతులు ఇంటి దగ్గరే చూసుకుని మెసేజ్ పెడతారు, మనం ట్రాలీ ఆటోలో పంపుతాం, డబ్బులు కూడా ఫోన్లోనే కొడతారు అని వివరంగా చెప్పాను.

“ఫొటోలు పెడితే ఎదురుగున్నోడు చూడడా?”

“చూస్తాడండీ.”

“రేటు రాస్తే?”

“అదీ చూస్తాడండీ.”

“మరింక గల్లా తాళంచెవి గూడ వాని చేతికే ఇచ్చి రా.”

రెండు రోజులు బేరమాడి ఒక ఒప్పందానికి వచ్చాం. రేట్లు రాయకూడదు. మోటారు మీద కంపెనీ పేరు కనపడకూడదు. అందుకని అన్నిటినీ వెనక్కి తిప్పి ఫొటోలు తీశాను. పేరు రెండువైపులా ఉన్నవాటి మీద బాపు కండువా కప్పాను. మూలన కూర్చుని కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ అన్న ఆ ఫొటోలు చూసి, “ఏందక్కా, గివి మోటర్లా, పోలీసులు పట్టుకున్న దొంగలా?” అన్నాడు. అతను మాట్లాడేదే తక్కువ. మాట్లాడినప్పుడల్లా నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

ఇంకో షరతు కూడా ఉంది. ఫోన్లో ఎవరు అడిగినా ముందు వాకబు చెయ్యాలి. బాపు ఐదు ప్రశ్నలు చెప్పారు. నేను ఇంటికెళ్లి ఆలోచించి, నా వంతుగా మరో ఏడు చేర్చాను. (ఆ ఏడూ నాన్నకి వినిపిస్తే ఆయన కళ్లలో గర్వం చూశాను. డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత గర్వపడలేదు.)

పదిహేను రోజులు ఎవ్వరూ ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగిన మోటార్లని ఎవరు అడుగుతారు? పదహారో రోజు పొద్దున్నే ఒక మెసేజ్ వచ్చింది. పేరు లేదు. బొమ్మ ఉండాల్సిన చోట రోజాపువ్వు. ‘5 హెచ్‌పీ బోరు మోటరు కావాలె. అర్జెంటు.’ దాన్ని మూడుసార్లు చదివాను. సంతోషంతో కాదు, అనుమానంతో. పేరు చెప్పని మనిషికి అంత తొందరేమిటి? వెంటనే మొదలుపెట్టాను. మిమ్మల్ని ఎవరు పంపారు? ‘ఎవరు పంపలే.’ మీ పేరు, ఇంటిపేరు? ‘పేరెందుకు?’ బోరు లోతెంత? ‘కనుక్కొని చెప్త.’ ఆ చివరి జవాబు చూపించగానే బాపు కుర్చీలోంచి లేచారు. “సొంత బోరు లోతు తెల్వని రైతు ఉంటడా బిడ్డా? గిది ఎదురోని పనే. మన రేట్లు గుంజనీకే.”

మీరున్న చోటు పంపండి అని రాశాను. అదే నా ఎనిమిదో ప్రశ్న, దాన్ని ఎవరూ తప్పించుకోలేరని నా ధీమా. మ్యాప్ వచ్చింది. తెరిచి చూస్తే కొంగరకలాన్‌లో జిల్లా ఆఫీసులున్న ప్రాంగణం. సరిగ్గా మధ్యలో ఎర్ర గుర్తు.

“కలెక్టరాఫీసుల బోరు మోటరెందుకు?” అన్నారు బాపు, గొంతు తగ్గించి.

“తనిఖీ అయ్యుంటుందండీ. మారువేషంలో అడుగుతున్నారు” అన్నాను నేనూ గొంతు తగ్గించి.

ఆ రోజంతా దుకాణంలో పండగ ముందు పనులు జరిగాయి. గోడ మీది లైసెన్సు అద్దం తుడిచి, వంకర లేకుండా తగిలించాం. బిల్లు పుస్తకాలకి కొత్త అట్టలు వేశాను. మర్నాడు బాపు ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. ఆ రోజే రోజాపువ్వు మళ్లీ మెసేజ్ పెట్టింది. ‘మోటరు ఎప్పుడు పంపుతరు?’ అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మీ బోరు పక్కన మీరు నిలబడి ఫొటో దిగి పంపండి అని రాశాను. అంతే, అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. “చూశారా బాపూ, దొరికిపోయేసరికి మాట్లాడటంలేదు” అని విజయగర్వంతో మధ్యాహ్నం రెండు టీలు తాగాను.

మూడోరోజు పన్నెండు గంటలకి దుకాణం ముందు ఒక స్కూటీ ఆగింది. మెడలో ఆఫీసు కార్డు, చెమటకు తడిసిన నీలం చీర. ముప్పై అయిదేళ్లుంటాయేమో.

“ఫోన్ల మాట్లాడేది ఎవరు?” అంది లోపలికి వస్తూనే.

వైండింగ్ అన్న తల ఎత్తకుండానే నా వైపు వేలు చూపించాడు.

“నువ్వేనా? జర విను. నా మొగడు బండి మీదికెళ్లి పడి కాలిరగ్గొట్టుకున్నడు. మంచంల ఉన్నడు. నాది కలెక్టరాఫీసుల అటెండర్ డ్యూటీ, సెలవు దొరకదు. ఎకరం బీరతోట పూత మీదుంది, నీళ్లు లేక మూడు దినాలాయె. ఫోన్ల చెప్తే ఇంటికే పంపుతమని మీరే రాసిన్రు గద, అందుకే చెప్పిన. ఎవరు పంపిన్రు, ఇంటిపేరేంది, లోతెంత, ఫొటో దిగు... మోటరు అమ్ముతున్నరా, పిల్లనిస్తున్నరా? మా పెళ్లిచూపులల్ల గూడ గిన్ని అడగలే!”

దుకాణంలో తీగ చుట్టే చప్పుడు కూడా ఆగిపోయింది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: “మరి పేరెందుకు చెప్పలేదండీ?”

“ఫోన్ల పేరు, ఊరు చెప్తే మోసం చేస్తరని మా ఆఫీసుల చెప్పిన్రు. నువ్వు అడుగుతున్న తీరు చూసి, దొంగవే అనుకున్న.”

(ఆ మూడు రోజులూ అటువైపు ఆమె నన్నే అనుమానిస్తూ కూర్చుందన్నమాట. ఇద్దరం ఒకరి చేతిలో ఒకరం మోసపోకుండా ఎంత జాగ్రత్తగా ఉన్నామో!)

బాపు మెల్లగా ముందుకొచ్చారు. “నీ పెనిమిటి ఎవరు బిడ్డా?” ఆమె చెప్పింది. బాపు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. “మన బీరకాయలాయనా? ఏండ్ల సంది నా దగ్గరనే కొంటడు గద! వానికి కాలిరిగిందా? నాకు ఒక్క మాట చెప్పలే?”

“చెప్పనీకే గద బాపు మెసేజ్ పెట్టింది” అందామె. ఇప్పుడు గొంతులో కోపం లేదు. “వేరే దుకాణంల కొననియ్యడు. బాపు మోటరైతేనే కాలదంటడు.”

బాపు తానే మోటారు భుజానికెత్తబోతే వైండింగ్ అన్న పరుగున వచ్చి పట్టుకున్నాడు. ట్రాలీ ఆటోలో మేం ముగ్గురం, ముందు స్కూటీ మీద ఆమె. తోటలో పందిరి నిండా పసుపు పూలు తలలు వేలాడేసి ఉన్నాయి. గట్టు వైపు రెండు సాళ్లు అప్పటికే ఎండిపోయి, తాకితే గలగలమన్నాయి. నేను ఒక్కసారే తాకాను. పాత మోటారు పైకి లాగి కొత్తది దింపుతుంటే, దూరంగా ఇంటి వసారాలో కట్టు కాలితో మంచం మీదున్న ఆయన అరిచాడు. “ఆరు నూర్ల ఇరవై ఫీట్లు బాపూ!” మూడు రోజులు నేను అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది. అప్పటికి అది నాకు అక్కర్లేదు.

ఆమె ఫోన్ తీసి డబ్బు కొట్టబోతే బాపు వారించారు. “ముందు నీళ్లు రానీ.” పొద్దు వాలుతుండగా పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రటి బురద కక్కి, ఆ తర్వాత తెల్లగా పోసింది. ఆమె ఆ నీళ్లతోనే మొహం కడుక్కుంది. ఎండిన సాళ్ల వైపు చూసి నేను ఏదో చెప్పబోయాను. “ఫికర్ చెయ్యకు. ఉన్నదన్న దక్కింది గద” అని నన్నే ఓదార్చింది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

తిరిగొస్తుంటే ఆటోలో బాపు నా వైపు తిరిగారు. “బిడ్డా, గా ప్రశ్నలు మొత్తం ఎన్ని?”

“పన్నెండండీ.”

“అన్నీ కొట్టెయ్. రెండే అడుగు. ఏమైంది, ఎప్పుడు రావాలె. గంతే.”

నా నాలుగు పేజీల వ్యూహంలో లేనిదల్లా అదే. దుకాణానికి రాగలిగినవాళ్లు ఎలాగూ వస్తారు. రాలేనివాళ్ల దగ్గరికి మనం వెళ్లడానికి ఆ ఫోను. మర్నాడే మోటార్లన్నిటినీ ముందుకు తిప్పి మళ్లీ ఫొటోలు తీశాను. (రేట్లు రాయడానికి మాత్రం బాపు మరో మూడు నెలలు ఆలోచించారు.) కాళ్లు నొప్పులున్న ముసలివాళ్లు, డ్యూటీ వదల్లేని ఆడవాళ్లు, ఊరు దాటే బస్సు లేనివాళ్లు ఒక్కొక్కరే మెసేజ్‌లు పెట్టడం మొదలెట్టారు. బీరతోట అక్క మాత్రం ఏది కావాల్సినా నాకే ఫోన్ చేసి, “నా ఇంటిపేరు యాదికున్నదా?” అని అడిగాకే విషయంలోకి వచ్చేది.

ఇప్పుడు నేను చిన్న చిన్న దుకాణాలవాళ్లకి ఈ పనే నేర్పిస్తున్నాను. నన్ను మేడమ్ అంటారు. పాఠం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు, “ఎదురుగున్నోడు చూస్తే ఎట్ల మేడమ్?” అంటారు. చూడనివ్వండి అంటాను, ఎప్పుడూ భయపడనిదానిలా. కానీ ఒక్కోసారి ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఫోన్ని రెండు చేతులతో పట్టుకుని, ఊరంతా తనని మోసం చెయ్యడానికే పొద్దున్నే లేచిందని నమ్మిన పిల్ల. ఎక్కడైనా ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత భయం అక్కర్లేదమ్మా అని చెప్పి, ఓ కప్పు టీ ఇప్పించాలనిపిస్తుంది. తాగదు. నన్ను ఎవరు పంపించారో ముందు చెప్పమంటుంది.