గోడ మీద బేకు

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన మా ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీలు, జీపులు బాగుచేసేవాడు. తొంభైల మొదట్లో, నాకు నలభై దాటాక, ఆయన ఒక పాత కారు కొన్నాడు. గుండ్రటి ముక్కు, ఉబ్బిన బుగ్గలు, లోపల మంచాల్లాంటి సీట్లు. చూడ్డానికి దర్జాగా ఉండేది గానీ నడిచేది తక్కువ. పెనుకొండ దగ్గర ఎత్తు వచ్చిందంటే సగంలో నిలబడి ఆవిరి వదిలేది.

దానికి లారీ ఇంజను పెడతానన్నాడు.

"ఏమబ్బా, కుందేలుకు ఎద్దు గుండెకాయ పెడతాండావా?" అన్నాడు షెడ్డులో వెల్డింగు చేసే పెద్దాయన.

"పెట్టినంక కుందేలు యాడుంటాది? అది ఎద్దే!" అన్నాడు మా ఆయన.

ధర్మవరంలో పట్టుచీరల షావుకారు ఒకాయన నెలనెలా ఇంటిల్లిపాదితో, చీరల మూటలతో బెంగళూరు పోయేవాడు. ఎత్తుల్లో ఆగకుండా పోయే కారుంటే ఆ బాడుగ ఎప్పటికీ నీకే అని మా ఆయనతో అన్నాడు. ఫలానా సోమవారానికి కారు తెస్తానని ఈయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట ఆయనకు ఒంటిమీది చొక్కాలాంటిది. అది లేకుండా వీధిలోకి రాలేడు.

మూలపడిన లారీ నుంచి తెచ్చిన ఆ ఇంజను నేలమీద నిలబెడితే నా నడుము దాటింది. గొలుసు కప్పీకి వేలాడదీసి కారులోకి దించితే సగం కూడా పట్టలేదు. పైకి లాగారు. ఇంజనుకూ మనుషులకూ మధ్య ఉండే రేకు కోశారు. మళ్ళీ దించారు, మళ్ళీ లాగారు. నాలుగోసారికి కూర్చుంది గానీ పైమూత పడలేదు. మూత నడుమ కోసి గూనిలాగా రేకు కట్టారు.

ఆ రోజుల్లోనే నేను అక్షరాలు దిద్దుతున్నాను. మధ్యాహ్నం పూట అంగన్‌వాడీ గదిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. పలక కొంగు కింద దాచుకొని పోయేదాన్ని. గుణింతాలు వచ్చాయి. ఒత్తులు ఇంకా చెప్పలేదు. అందుకని అక్షరం కింద ఏమైనా వేలాడుతుంటే దాన్ని వదిలేసి పైది మాత్రం చదివేదాన్ని. కనిపించినదల్లా చదవాలనిపించేది. బస్సు బోర్డు మీద "పెను" దాకా వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయేది.

షెడ్డు గోడ మాత్రం ఎక్కడికీ పోదు. కారుకు చేయాల్సిన పనులన్నీ మా ఆయన దానిమీద సుద్దముక్కతో రాసుకునేవాడు. ఒక్కో పని అయ్యేకొద్దీ దానిమీద అడ్డంగా గీత కొట్టేవాడు.

సోమవారం మూడు రోజులుందనగా అన్నం క్యారియరు తీసుకుపోయాను. ఆయన కారు కింద పడుకొని ఉన్నాడు. నేను గోడ దగ్గర నిలబడ్డాను. అన్నిటికీ గీతలు పడ్డాయి. చివరి వరుస ఒకటే మిగిలింది. కూడబలుక్కున్నాను. ముం, ద, ర. బే, కు.

బేకు మాకు కొత్త మాట కాదు. హిందూపురం అంగళ్ళలో సగం బేరాలు కన్నడంలోనే సాగుతాయి. కావాలి అనడానికి బేకు అంటారు. ముందర ఏదో కావాలని రాసుకున్నాడు, ఏం కావాలో రాయడం మరిచాడు అనుకున్నాను.

"ఇదో, ముందర ఏం బేకు?" అని అడిగాను.

"ఏంది?" అని కారు కింది నుంచి గొంతు.

"గోడమీద రాసినావు కదా, ముందర బేకు అని. ఏం బేకు?"

ఆయన బయటికి జరిగి గోడను చూశాడు. నన్ను చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు.

"బేకు కాదమ్మే, బ్రేకు! కింద చుట్టినానే, అది కనపడలా?"

"పోనీలేప్పా, మన కారు కన్నడం నేర్చినాది," అన్నాడు వెల్డింగు పెద్దాయన.

"ఆ చుట్టు మాకింకా చెప్పలా," అన్నాను. మొహం మండిపోతోంది. ఏదో ఒకటి అనాలని అడిగాను. "అయితే దానికి గీత ఎందుకు కొట్టలా?"

ఆయన నవ్వు ఆగింది.

"ఉండేవి పడతాండాయి లే. సోమవారం పోయొచ్చినాక పెద్దవి పెడతా. మాటిచ్చినా గదా."

ఇంత బరువుకు అవి చాలతాయా అని అక్కడ నేను రెండో ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. నన్ను చూసి నవ్వారన్న బాధే నాకు పెద్దదిగా ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో కూడా ఆయన "నీళ్ళు బేకు, ఉప్పు బేకు" అని ఏడిపిస్తుంటే మూతి ముడుచుకొని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున కారును పరీక్షకు తీశాడు. వెనక సీట్లో మనుషుల బరువుకని నాలుగు శెనక్కాయల మూటలు వేశాడు. నేను పక్కన కూర్చున్నాను. కాళ్ళకు సెగ కొడుతోంది. పెనుకొండ దగ్గరి ఎత్తును ఆ కారు ఎక్కిన తీరు చూస్తే కొండే మా కోసం వంగినట్టు అనిపించింది. ఆయన మొహంలో అంత వెలుగు మా పెళ్ళినాడు కూడా నేను చూడలేదు.

అవతల దిగుడు మొదలైంది. ముందరి బరువు కారును కిందికి లాగుతోంది. ఆయన బ్రేకు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు, పిరుదులు సీటు మీంచి లేచేలా తొక్కాడు. కింద మలుపులో గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. "పట్టుకో!" అని అరిచి, గేరు తగ్గించి, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పలోకి కారును తిప్పేశాడు. మూటలు పగిలి శెనక్కాయలు మా మెడల మీదుగా రాలాయి. కాలిన వాసన వచ్చింది.

గొర్రెల కాపరి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఏమప్పా, సద్దు ఇని లారీ వస్తాండాదని నేను మందను ఆపినా. చూస్తే కారు! సగం గొర్రెలు ఆగల్యా, తెలుసునా?"

మా ఆయన స్టీరింగు మీది చేతులు తీయలేదు. నవ్వకుండా అన్నాడు.

"బేకే."

మరుసటి రోజు బస్సులో ధర్మవరం పోయి, కారు సిద్ధంగా లేదని షావుకారుకు చెప్పి వచ్చాడు. ఆ బాడుగ వేరేవాళ్ళకు పోయింది, మళ్ళీ రాలేదు. షావుకారు ఏమన్నాడో నాకు చెప్పలేదు. అన్నం ముందు కూర్చొని మాత్రం ఒక మాట అన్నాడు. "వాళ్ళింట్లో చంటిబిడ్డ ఉండాది. ఈ రోజే చూసినా."

పెద్ద బ్రేకులు వెతికి తెచ్చి, చక్రాలకు సరిపడేలా చేయడానికి నెల పైన పట్టింది. ఆ నెలలోనే మాకు ఒత్తులు చెప్పారు. అన్నిటికంటే ముందు ర ఒత్తు నేర్చుకున్నాను.

పని అయిన రోజు ఆయన సుద్దముక్క నా చేతికిచ్చి, "నువ్వే కొట్టేయ్," అన్నాడు. గోడమీద ఆ వరుస మసకబారి ఉంది. ముందు కింది చుట్టును తెల్లగా మళ్ళీ దిద్దాను. తర్వాత గీత కొట్టాను.