ఎండిన బావి కొలత

చెన్నకేశవులుది అనంతపురం జిల్లా. కరువు సీమ మనిషిని ఢిల్లీ పిలిచి బావుల్లో నీళ్లు కొలవమనడం సర్కారువారి హాస్యం. 1974 నుంచి, గుర్‌గావ్ అవతల ఇసుక నేలల నడుమ ఉన్న ఒక ఝీల్, అంటే సరస్సు, దాని చుట్టూ పన్నెండు బావులు అతని పాలబడ్డాయి. నెలకోసారి బస్సు దిగి, అద్దె సైకిలు మీద తిరిగేవాడు. స్టీలు టేపు చివర సుద్ద రాసి బావిలోకి వదిలి, సుద్ద ఎంతమేర తడిసిందో చూసి లోతు లెక్కకట్టేవాడు. ఎండకు మాడిపోయాడు గాని ఒక్క నెలా ఎగ్గొట్టలేదు.

ఆ అంకెలను కంప్యూటరు కోసం కార్డుల మీద గుచ్చే ఉద్యోగం నాది. ఢిల్లీ మునిర్కాలో మా గదులు పక్కపక్కనే. సాయంత్రం ఎదురుపడితే అతను ఆఫీసు ఊసెత్తడు, ఝీల్ మీద వాలే బాతుల గురించే చెబుతాడు. భార్య గౌరిని రెండుసార్లు తీసుకెళ్లి చూపించాడు. "మా పక్క ఇన్ని నీళ్లు నేను యాడా చూడలేదప్పా" అనేవాడు, ఆ నీళ్లు తనవే అయినట్టు.

1980 దాటాక చుట్టూ బోర్లు పడి ఝీల్ కుంచించుకుపోయింది. ఏటా కాలువ నుంచి దానికి నీళ్లు వదలాలా వద్దా తేల్చమని 1985లో మా ఆఫీసరు సూర్యనారాయణగారికి అప్పగించారు. నేల కింద నీరు ఎటు పోతోందో, ఎంత తగ్గుతోందో అంకెల్లో చూపే మోడల్ ఆయన కంప్యూటరు మీద కట్టాలి. భూగర్భజలం పడిపోతోందని అది చెబితే కాలువ నీళ్లు వస్తాయి, లేదంటే లేదు. చెన్నకేశవులు కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు కూడా.

ఫలితం వచ్చింది. ఝీల్‌కు పడమర నాలుగేళ్లుగా నీటిమట్టం నిలకడగా ఉందట!

చెన్నకేశవులు ముఖం పాలిపోయింది. "సార్, ఆ పక్క మూడు బావులూ ఎండిపోయినాయి. ఆ అంకెలు నీళ్లవి కాదు సార్, బావి అడుగువి."

"ఎండిపోతే అలాగే రాయాలి కదయ్యా! అడుగు లోతెందుకు రాశావు?"

"గడి ఖాళీగా వదిల్తే ఫారం వాపసు వస్తాది సార్. నేను చేరిన కొత్తల్లో పెద్దోళ్లు ఇట్లే రాయమని నేర్పించినారు."

ఆ ఫారాలు వాపసు పంపింది నేనే. అంకె లేకపోతే కార్డు గుచ్చలేను, అంతకుమించి ఏనాడూ ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సూర్యనారాయణగారు కసురుకోలేదు. "పోనీ, అసలు నీళ్లు ఎంత లోతుకి పోయాయో చెప్పు. మళ్లీ రన్ చేద్దాం" అన్నారు.

"ఎట్ల తెలుస్తాది సార్? అడుగు కింద ఏముందో టేపు చెప్పదు కదా."

ఆ అంకెలు తీసేసి మళ్లీ నడిపారు. పడమటి వైపు సమాచారం చాలదని కమిటీ ఒక్క ముక్క రాసి ఫైలు మూసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాలువ నీళ్లు రాలేదు.

1987 చలికాలంలో చెన్నకేశవులు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. ఝీల్ ఉన్నచోట ఆవచేను పెరుగుతోంది. పిట్ట జాడ లేదు. గట్టు మీద ఒక రైతు బోరు వేయిస్తున్నాడు. చెన్నకేశవులును గుర్తుపట్టి పరుగున వచ్చాడు.

"బాబూజీ, పహ్‌లే వాలా బోర్ సూఖ్ గయా. ఆప్ తో ఇత్నే సాల్ సే పానీ నాప్తే హో. బతాయియే, కిత్నే ఫుట్ పే మిలేగా?"

పాత బోరు ఎండిపోయిందట, ఇన్నేళ్లుగా నీళ్లు కొలిచిన మనిషివి, ఎన్ని అడుగుల్లో పడతాయో చెప్పమంటున్నాడు.

"మాలూమ్ నహీ, భయ్యా."

రైతు నమ్మలేదు. తెలిసీ దాస్తున్నాడనుకుని, అతని రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు.