చిన్నమ్మ స్లైడింగ్ ఫోను... నా వేళ్లు

మా చిన్నతనంలో మా వాడకట్టు మొత్తానికి స్లైడింగ్ ఫోను ఉన్నది ఒక్క మా చిన్నమ్మకే... దుబాయ్‌లో పనిచేసే కాక, అంటే మా బాబాయి, సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. పైకి నెడితే టప్పున తెరుచుకునేది. ఆ చప్పుడు కోసమే ఊరికే తెరిచి మూసి తిట్లు తినేదాన్ని.

చిన్నమ్మకు చదువు రాదు. పైగా పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. అందుకే ఆమె చెబుతుంటే కాకకు మెసేజ్‌లు కొట్టే ఉద్యోగం ఎనిమిదో తరగతి చదివే నాకొచ్చింది. కాకతో మాత్రం తనే నేర్చుకుని కొడుతున్నానని గొప్పగా చెప్పుకుంది... ఆయన నమ్మి మురిసిపోయాడు. ఆ గుట్టు మా ఇద్దరిదే.

మెసేజ్‌లకు ఆ ఫోను భలే ఉండేది. బటన్లు ఉబ్బెత్తుగా వేలికి తెలిసేవి, చూడకుండానే కొట్టేసేదాన్ని. ఒకసారి చార్జింగ్ పెడితే మళ్లీ ఆ ఊసే ఉండదు. లోపాలూ తక్కువేం కాదు... తెలుగు అక్షరాలు లేవు, అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే. పై వరుస బటన్లు తెర అంచు కింద ఇరుక్కుని గోటితో నొక్కాల్సి వచ్చేది. అన్నిటికన్నా పెద్ద తంటా ఏమిటంటే, వాడగా వాడగా స్లైడు వదులై మధ్యలో దానంతటదే మూసుకునేది. కొట్టిందంతా పోయేది. అందుకే ఒక్క ఊపులో కొట్టి, మళ్లీ చదవకుండా పంపడం అలవాటైంది.

ఎక్కువగా మామూలు మాటలే. వాన పడిందని, మేక ఈనిందని... ఒకరోజు చిన్నమ్మ బీడీకి దారం చుడుతూ, నావైపు చూడకుండా మెల్లగా అంది.

"నువ్వు యాదికొస్తె ముద్ద దిగుతలేదు, జల్ది రా... అని కొట్టు బిడ్డా."

నాకు చెవులు వేడెక్కాయి. ఏమీ అర్థం కానట్టు ముఖం పెట్టి గబగబా కొట్టాను. స్లైడు జారుతోంది... పంపేశాను.

తర్వాత చూసుకుంటే చివర్లో "కాకా" అని ఉంది!

మా బాపు ఫోన్లోంచి నేను కాకకు పంపే మెసేజ్‌లన్నీ అలాగే ముగించేదాన్ని. అలవాటుగా వేళ్లు కొట్టేశాయి. పెళ్లాం మనసులోని మాట చివర అన్న కూతురి పిలుపు... పాపం, ఆయనకు అంతా తెలిసిపోయి ఉంటుంది. అన్నాళ్లూ తను ప్రేమగా రాసినవి చదివింది కూడా నేనేనని!

మర్నాడు జవాబొచ్చింది. "బాగున్న. మీరు పైలం." అంతే. చదివి వినిపించాను.

"ఇంతేనా? కింద ఇంకేమన్న ఉన్నదేమో జర చూడరాదూ" అంది చిన్నమ్మ.

కింద ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఏ మెసేజ్ వచ్చినా పొడి మాటలే. చిన్నమ్మ కిందికి నొక్కించి మరీ చూసేది. ఎందుకిలా అయిందో నాకు తెలుసు... చెప్పే ధైర్యం లేదు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మొన్న వాళ్లింటికి వెళ్తే చిన్నమ్మ కాకకు తనే వాయిస్ మెసేజ్ పెడుతోంది. నన్ను చూసి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని లోపలి అర్రలోకి వెళ్లింది. బయటికి రాగానే ఆగలేక ఆ "కాకా" సంగతి చెప్పేశాను.

"గది నాకెప్పుడో ఎరుకే బిడ్డా. మీ కాక ఇంటికొచ్చినప్పుడే చెప్పిండు. నువ్వు సిగ్గుపడ్తవని నేనే అనలే."

తెలిశాక కూడా, ఏళ్ల తరబడి ఆ ఫోను నా చేతికే ఇచ్చి, వాన గురించి, మేక గురించే కొట్టించింది... నా కోసం. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇప్పుడు ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటున్నారు, మధ్యలో ఇంకొకరి వేళ్లు అక్కర్లేదు... మంచిదే. మీరూ ఎప్పుడైనా ఇంట్లోవాళ్ల కోసం మెసేజ్‌లు కొట్టారా? ఏం కొట్టారో చెప్పొద్దు... ఎవరి కోసమో చెప్పండి, చాలు.